మొదటి ఏడాది ఎక్కడ ఉండాలి? కాలేజీ హాస్టల్, ప్రైవేటు హాస్టల్, అద్దె గది, ఇల్లు: ఒక పోలిక

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఏ బ్రాంచి తీసుకోవాలి, ఏ కళాశాల ముందు పెట్టాలి అని ఇల్లంతా నెల రోజులు తర్జనభర్జన పడుతుంది. పిల్లలు ఎక్కడ ఉండాలన్నది మాత్రం చేరే రోజున, రిపోర్టింగ్ ముగించుకుని ఆటోలో తిరుగుతూ ఒక్క మధ్యాహ్నంలో తేల్చేస్తారు. తిరుగు బస్సు రాత్రి తొమ్మిదికి. ఈలోగా పరుపు, బకెట్టు, తాళం కొనాలి. మొదట కనిపించిన హాస్టల్‌లో అడ్వాన్సు చేతిలో పెట్టి, "జాగ్రత్త" అని చెప్పి వెళ్లిపోతారు.

ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులకు పాఠాలు చెబుతూ, మెంటర్‌గా వాళ్ల హాజరు పట్టికలు చూసే ఉద్యోగం నాది. మొదటి సెమిస్టర్‌లో వెనకబడిన పిల్లలతో కూర్చుని మాట్లాడితే, సి ప్రోగ్రామింగ్ అర్థం కాలేదనో గణితం కష్టంగా ఉందనో మొదలైన మాట కాసేపటికి బస దగ్గరికే వస్తుంది. రాత్రి నిద్ర లేదు, ఉదయం నీళ్లు రాలేదు, రెండు బస్సులు మారి వచ్చేసరికి మొదటి పీరియడ్ అయిపోయింది, గదిలో ఎవరితోనూ మాటల్లేవు.

దీని వెనక ఒక కారణం ఉంది. మన పిల్లల్లో చాలామంది ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కళాశాలలో గడిపి వస్తారు. అక్కడ తెల్లవారుజామునే ఎవరో తలుపు కొట్టి లేపుతారు. రాత్రి స్టడీ అవర్ ముగిసేదాకా కూర్చోబెడతారు. ఆదివారం పూట కూడా పరీక్ష ఉంటుంది. అలాంటి విద్యార్థి చేతికి ఒక్కసారిగా సాయంత్రం నాలుగు నుంచి మర్నాడు ఉదయం తొమ్మిది దాకా పదిహేడు గంటలు వచ్చి పడతాయి. ఆ గంటలకు ఎంత కట్టుబాటు ఉండాలి, ఎంత స్వేచ్ఛ ఉండాలి అన్నది బసను బట్టే తేలుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి ఏడాదికి అద్దె కన్నా, తిండి కన్నా ముందు అడగవలసిన ప్రశ్నలు రెండు. మీరు ఉదయం లేవకపోతే గమనించే మనిషి అక్కడ ఉన్నారా? నచ్చకపోతే ఎంత నష్టంతో బయటపడగలరు? మిగతావన్నీ వీటి తర్వాతే. ఇక్కడ ఇచ్చిన ధరలు, ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్‌వి. విజయవాడ, గుంటూరు, విశాఖ, తిరుపతిలో ధరలు కొంత తగ్గవచ్చు కానీ లెక్క వేసే పద్ధతి ఇదే.

ఏ కొలతలతో చూడాలి

మొదటిది ఉదయం. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల ప్రకారం సెమిస్టర్ పరీక్ష రాయాలంటే మొత్తం మీద 75 శాతం హాజరు ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే సరైన కారణం, వైద్యుల పత్రాలు చూపి, రుసుము కట్టి కండోనేషన్, అంటే హాజరు తగ్గినందుకు మన్నింపు, అడగాలి. 65 కన్నా తగ్గితే డిటెన్షనే. ఆ సెమిస్టర్‌ను మళ్లీ జరిగినప్పుడు జూనియర్లతో కలిసి చదవాలి. సెమిస్టర్‌కు సుమారు 90 పని దినాలు అనుకుంటే, మీ చేతిలో ఉన్నవి 22 రోజులు. చాలానే ఉన్నాయనిపిస్తుంది. దసరాకు ముందు రెండు, తర్వాత రెండు రోజులు కలుపుకుని ఊరెళ్లడం, ఒక వైరల్ జ్వరం, అక్క పెళ్లి, స్కాలర్‌షిప్ కాగితాల కోసం మండల కార్యాలయం చుట్టూ తిరగడం అయ్యేసరికి సగం పోతాయి. మిగిలిన సగం "ఈ రోజు మొదటి రెండు పీరియడ్లు వదిలేద్దాం" అన్నదానికి ఆహుతి. హాజరును పీరియడ్ల లెక్కన తీసే చోట, రోజూ ఉదయం ఒక గంట ఆలస్యంగా వచ్చే విద్యార్థి వారానికి దాదాపు ఒక రోజు పోగొట్టుకున్నట్టే.

దీనికి తోడు, ఒక్కో సబ్జెక్టులో వందకు 40 మార్కులు సెమిస్టర్ నడుస్తుండగానే కళాశాలలో వేసే ఇంటర్నల్స్‌కే. సెమిస్టర్ మధ్యలో జరిగే మిడ్ పరీక్షలు, అసైన్‌మెంట్లు అన్నీ అందులోనివే. ఇంటర్‌లో లాగా చివరి రెండు నెలలు కూర్చుని లాగేయడం ఇక్కడ కుదరదు.

రెండోది గమనించే మనిషి. వార్డెన్ కానక్కరలేదు. పక్క మంచం మీది క్లాస్‌మేట్ కావచ్చు, పిన్ని కావచ్చు, మెస్‌లో అన్నం పెట్టే ఆవిడ కావచ్చు. రెండు రోజులు భోజనానికి రాకపోతే "ఏమైంది?" అని అడిగేవారు ఒక్కరైనా ఉండాలి.

మూడోది బయటపడే ఖర్చు. సాధారణంగా కాలేజీ హాస్టల్ ఫీజు ఏడాదిది ఒకేసారి కట్టించుకుంటారు. ప్రైవేటు హాస్టల్‌లో నెల నోటీసు చాలు. అద్దె గదికి పదకొండు నెలల ఒప్పందం ఉంటుంది. బంధువుల ఇంటి నుంచి బయటపడటం డబ్బుతో తేలేది కాదు.

ఇక డబ్బు. దాన్ని నెలకు కాకుండా ఏడాదికి లెక్కించండి. తిండి, బట్టలు ఉతకడం, రాకపోకలు, ఊరు వెళ్లే ఛార్జీలు కలిపితేనే అసలు అంకె కనిపిస్తుంది.

ఒక చూపులో

| చూడవలసినది | కాలేజీ హాస్టల్ | ప్రైవేటు హాస్టల్ | అద్దె గది | ఇల్లు లేదా బంధువులు |
|---|---|---|---|---|
| ఏడాది ఖర్చు (సుమారుగా) | 80 వేల నుంచి లక్షా 30 వేలు | 60 నుంచి 90 వేలు, రాకపోకలు అదనం | 90 వేల నుంచి లక్షా 10 వేలు, అడ్వాన్సు అదనం | కాలేజీ బస్సు ఫీజు లేదా పాస్ |
| ఉదయం క్లాసుకు | నడిచి వెళ్లవచ్చు | దూరాన్ని బట్టి | దూరాన్ని, రూమ్మేట్లను బట్టి | ప్రయాణమే సమస్య |
| గమనించేవారు | వార్డెన్, క్లాస్‌మేట్లు | అదృష్టాన్ని బట్టి | రూమ్మేట్లు మాత్రమే | ఇంటివాళ్లు |
| తిండి | వేళకు ఉంటుంది, రుచి సంగతి వేరు | హాస్టల్‌కో తీరు | మీ చేతుల్లో | ఇంటి భోజనం |
| సీనియర్లతో, క్లబ్బులతో పరిచయం | ఎక్కువ | తక్కువ | మధ్యస్థం | తక్కువ |
| మధ్యలో మానుకుంటే | ఫీజు వెనక్కి రావడం కష్టం | ఒక నెల డబ్బు | అడ్వాన్సులో కోత, మిత్రులతో మాట | మొహమాటం |

పట్టికలో అన్నీ సమానంగా కనిపిస్తాయి. నిజానికి కొన్ని గడులు ఎక్కువ బరువైనవి. అవేమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

కాలేజీ హాస్టల్

మొదటి ఏడాదికి, అందులోనూ నగరం కొత్తవాళ్లకు, సీటు దొరికితే నా మొదటి ఓటు దీనికే. క్లాసు పది నిమిషాల దూరంలో ఉండటం పెద్ద వరం. ఎనిమిదిన్నరకు లేచినా తొమ్మిదికి బెంచీ మీద ఉండవచ్చు. ల్యాబ్ రికార్డు ఎవరి దగ్గర పూర్తయిందో, రేపటి మిడ్‌కు ఏ యూనిట్ ముఖ్యమో కారిడార్‌లో నడుస్తుంటేనే తెలిసిపోతుంది. ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో ప్రొజెక్షన్లు బుర్రకెక్కని రాత్రి, మూడో గదిలో పాలిటెక్నిక్ నుంచి వచ్చిన సీనియర్ ఒకరుంటారు. డ్రాఫ్టర్ ఎలా పట్టుకోవాలో అతనే చూపిస్తాడు.

లోపాలు లేవని కాదు. రెసిడెన్షియల్ ఇంటర్ నుంచి వచ్చినవాళ్లకు ఇది పాత జైలుకు కొత్త రంగు వేసినట్టు అనిపించవచ్చు. మెస్‌లో సోమవారం ఉప్మా, మంగళవారం దొండకాయ, ఆదివారం చికెన్. ఈ వరుస పరీక్షల సిలబస్ కన్నా ఖచ్చితంగా నడుస్తుంది. అమ్మాయిల హాస్టల్ గేటు చాలా చోట్ల అబ్బాయిల గేటు కన్నా ముందే మూసేస్తారు. లైబ్రరీ రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉన్నా అమ్మాయిలకు దాని వల్ల ఒరిగేది లేదు. చేరేముందు ఈ వేళలు అడగడం మొహమాటపడవలసిన విషయం కాదు.

ర్యాగింగ్ భయం చాలామంది తల్లిదండ్రులను కాలేజీ హాస్టల్ నుంచి వెనక్కి లాగుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం కొత్త విద్యార్థులకు వీలైనంతవరకు వేరే హాస్టల్ బ్లాకు కేటాయించాలి. కాబట్టి "మొదటి ఏడాది పిల్లలకు వేరే బ్లాకు ఉందా?" అని నేరుగా అడగండి. సమాధానం తడబడితే అదే ఒక సమాచారం. ఇబ్బంది ఎదురైతే 1800-180-5522 జాతీయ హెల్ప్‌లైన్ ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. బయటి ప్రైవేటు హాస్టల్‌లో ర్యాగింగ్ జరగదన్న నమ్మకం మాత్రం పెట్టుకోవద్దు. అదే కళాశాల సీనియర్లు అక్కడా ఉంటారు.

డబ్బు కట్టేముందు ఒక కాగితం అడగాలి: ఫీజు వాపసు నిబంధన. సెమిస్టర్ వారీగా కట్టే వీలుందా, మధ్యలో ఖాళీ చేస్తే ఎంత వెనక్కి ఇస్తారు అన్నది రాతపూర్వకంగా ఉండాలి. నోటి మాట జూలైలో తియ్యగా ఉంటుంది, డిసెంబరులో ఎవరికీ గుర్తుండదు.

సంక్షేమ హాస్టళ్ల సంగతి కూడా ఇక్కడే. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ (పదో తరగతి తర్వాతి చదువుల) హాస్టళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. తెలంగాణలో ఇంటర్ నుంచి పీజీ దాకా విద్యార్థుల డైట్ ఛార్జీని, అంటే తిండికి ప్రభుత్వం ఇచ్చే మొత్తాన్ని, 2024లో నెలకు 1,500 నుంచి 2,100 రూపాయలకు పెంచారు. వసతి భవనాన్ని బట్టి మారుతుంది: ఒకటి బాగుంటుంది, పక్క వీధిలోది బాగుండదు. వెళ్లి చూడాలి. డబ్బు ఇబ్బంది ఉన్న కుటుంబాలు చిన్నతనమనుకుని దీన్ని వదిలేయడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. నాలుగేళ్లలో మిగిలేది లక్షల్లో మాట.

ప్రైవేటు హాస్టల్

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు, అమీర్‌పేట, ఎస్సార్ నగర్, దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ సందులోకి తిరిగినా మూడు హాస్టల్ బోర్డులు కనిపిస్తాయి. ఫోర్ షేరింగ్ (గదికి నలుగురు) నెలకు సుమారు 5,500 నుంచి 6,500, టూ షేరింగ్ (ఇద్దరు) 8,000 నుంచి 10,000. తిండి కలిపే. అంకెల్లో చూస్తే ఇంతకన్నా సులువైన దారి లేదు. నెల నోటీసుతో వెళ్లిపోవచ్చు కాబట్టి బయటపడే ఖర్చులోనూ దీనిదే పైచేయి.

అయితే ఇవి విద్యార్థుల కోసం కట్టినవి కావు. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకునేవాళ్లు, ఉద్యోగం వెతుక్కునేవాళ్లు, రాత్రి షిఫ్టు చేసి తెల్లవారుజామున వచ్చి పడుకునేవాళ్లు, గ్రూప్స్‌కు చదివేవాళ్లు అందరూ ఒకే గదిలో ఉండవచ్చు. పద్దెనిమిదేళ్ల విద్యార్థికి వాళ్లతో పరిచయం కొంత మేలే, లోకం తెలుస్తుంది. కానీ మీ పక్క మంచం మీద మనిషి రాత్రి రెండు గంటలకు లైటు వేస్తాడు. ఉదయం మీరు అలారం పెడితే విసుక్కుంటాడు. మూడు రోజులు మీరు కాలేజీకి వెళ్లకపోయినా అతనికి పట్టదు, పట్టాలని ఆశించడం కూడా న్యాయం కాదు. అందుకే యజమానిని అడగవలసిన మొదటి ప్రశ్న అద్దె ఎంత అని కాదు, "ఈ గదిలో ఇప్పుడు ఎవరున్నారు?" అని.

హాస్టల్ చూడటానికి మధ్యాహ్నం వెళ్లకండి. మధ్యాహ్నం మూడింటికి ప్రతి హాస్టలూ ప్రశాంతంగానే ఉంటుంది. ఉదయం ఏడున్నరకు వెళ్లండి. అంతస్తుకు ఎన్ని బాత్రూములు, వాటి ముందు ఎన్ని బకెట్లు వరుసలో ఉన్నాయో చూడండి. కుళాయి తిప్పి చూడండి. మోటారు వేయడానికి ఎవరినైనా కేకేయవలసి వస్తే ఆ కేక రోజూ మీరే వేయాలి. టిఫిన్ గిన్నెలో ఎనిమిదింటికి ఇడ్లీలు మిగిలి ఉన్నాయా, అడుగున చట్నీ నీళ్లే మిగిలాయా? ఇనుప మంచం మూలల్లో, పరుపు కుట్టు వెంబడి వేలు పెట్టి చూడండి. నల్లటి చిన్న మచ్చలు వరుసగా ఉంటే నల్లులున్నట్టే. ఒక్కో మంచానికి ప్లగ్ పాయింట్ ఉందా, లేక నలుగురికి ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సా? పెద్ద గదిని ప్లైవుడ్ అడ్డం పెట్టి రెండు చేసి ఉంటే, అవతలి గదిలో ఫోను సంభాషణ మొత్తం మీకు కంఠతా వస్తుంది. రాత్రి గేటుకు తాళం వేస్తే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, బయటికి రెండో దారి ఉందా అన్నది తల్లిదండ్రులు తప్పక అడగాలి. చివరగా, యజమాని పక్కన లేనప్పుడు కంచం కడుక్కుంటున్న కుర్రాడిని అడగండి: "ఎండాకాలంలో నీళ్లు ఎలా?" హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్ల మీద నడిచే భవనాలు చాలా ఉన్నాయి. ఆ కుర్రాడు ఒక్క క్షణం నవ్వి చెబితే మీకు విషయం అర్థమైపోతుంది.

అడ్వాన్సులో ఖాళీ చేసేటప్పుడు మెయింటెనెన్స్ పేరిట ఎంత కోస్తారో ముందే రసీదు మీద రాయించుకోండి. కొందరు జీఎస్టీ అంటూ అదనంగా అడుగుతారు. మనిషికి నెలకు 20,000 రూపాయలు మించకుండా, కనీసం 90 రోజులు వరుసగా ఉండే బసకు 2024 జూలై నుంచి జీఎస్టీ మినహాయింపు ఉంది. ఈ మాట మర్యాదగా చెబితే సాధారణంగా ఆ వరుస బిల్లు నుంచి మాయమవుతుంది.

క్లాస్‌మేట్లు ముగ్గురు కలిసి ఒకే గది తీసుకోగలిగితే ప్రైవేటు హాస్టల్ మంచి ఎంపిక అవుతుంది. ఒంటరిగా చేరితే ఇది కొంత జూదమే.

అద్దె గది

ఇంటర్ హాస్టల్ నుంచి బయటపడిన ప్రతి కుర్రాడి కల ఇది. నలుగురు మిత్రులు, రెండు పడక గదుల ఫ్లాటు, అడిగేవాళ్లు లేరు. చౌక కూడా అంటారు. ఆ లెక్క ఒకసారి వేద్దాం. నెలకు 20,000 అద్దె నలుగురికి పంచితే తలా 5,000. కరెంటు, వైఫై, నీళ్లు, అపార్టుమెంటు మెయింటెనెన్స్ కలిపి తలా ఏడెనిమిది వందలు. అన్నం కుక్కర్‌లో వండుకుని, కూర కర్రీ పాయింట్‌లో తెచ్చుకుంటే తిండికి మూడున్నర నుంచి నాలుగు వేలు. అంటే నెలకు సుమారు తొమ్మిదిన్నర వేలు. ప్రైవేటు హాస్టల్ ఫోర్ షేరింగ్ కన్నా మూడు వేలు ఎక్కువ. పైగా రెండు నెలల అద్దె అడ్వాన్సు, ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె కోత, వేసవి సెలవుల్లో ఊళ్లో ఉన్నా కట్టవలసిన అద్దె. గది చౌక అన్నది మొదటి నెల వరకే నిలిచే నమ్మకం.

ఆ మొదటి నెల మాత్రం నిజంగానే బాగుంటుంది. వంతులు వేసుకుంటారు. ఒకరు అన్నం, ఒకరు గిన్నెలు, ఒకరు కర్రీ పాయింట్. సాయంత్రం ఏడున్నరకు పప్పు ఒక ప్యాకెట్, వేపుడు ఒకటి, పెరుగు. రెండో నెలలో గిన్నెల వంతు రాసిన కాగితం ఫ్రిజ్ మీది నుంచి ఊడిపోతుంది. కుక్కర్ మూతకు నిన్నటి అన్నం అంటుకుని ఉంటుంది కాబట్టి ఇవాళ బిర్యానీ ఆర్డర్ పెడతారు. అది డబ్బు సమస్యగా కన్నా నిద్ర సమస్యగా ముదురుతుంది: పదకొండింటికి తింటారు, రెండింటికి పడుకుంటారు, తొమ్మిది గంటల క్లాసుకు నలుగురూ కలిసే ఎగ్గొడతారు. ఒక్కరు లేచి వెళ్తే మిగతా ముగ్గురూ లేస్తారన్న ఆశ ఉంటుంది గానీ, నేను చూసినంతలో పడుకున్నవాళ్ల బలమే ఎక్కువ.

ఇల్లు దొరకడం మరో తిప్పలు. బ్యాచిలర్లకు ఇవ్వమని టూలెట్ బోర్డు మీదే రాసే యజమానులు చాలామంది. ఇచ్చినా నీళ్ల దగ్గర, మేడ మీదికి వెళ్లే దగ్గర, మిత్రులు వచ్చే దగ్గర పేచీలు తప్పవు.

అయినా గదే సరైన ఎంపిక అయ్యేవాళ్లు ఉన్నారు. వంట వచ్చినవాళ్లు, పథ్యం పాటించవలసినవాళ్లు, ఇంతకుముందే ఇంటికి దూరంగా సొంతంగా ఉన్న పాలిటెక్నిక్ విద్యార్థులు, తోబుట్టువుల్లో ఒకరు అదే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నవాళ్లు. గ్యాస్ కనెక్షన్ లేదని ఆగిపోవద్దు. ఐదు కిలోల చిన్న సిలిండర్లు చిరునామా రుజువు లేకుండా గుర్తింపు కార్డు చూపితే దొరుకుతాయి. మిగతావాళ్లకు నా సలహా: గది కల రెండో ఏడాదికి వాయిదా వేయండి. అప్పటికి ఎవరితో ఉండగలరో, ఎవరితో కాఫీకి వెళ్లడం వరకే మంచిదో తెలిసి ఉంటుంది.

ఇంటి నుంచి, లేదా బంధువుల ఇంటి నుంచి

హైదరాబాద్ ఇంజినీరింగ్ కళాశాలలు చాలావరకు ఊరి అంచున ఉంటాయి: ఘట్‌కేసర్, మేడ్చల్, ఇబ్రహీంపట్నం, మొయినాబాద్ వైపు. ఇల్లు నగరంలోనే ఉందని సంబరపడితే చాలదు. కాలేజీ బస్సు ఉదయం ఆరూ నలభై ఐదుకు మీ స్టాపులో ఉంటే సాయంత్రం దిగేసరికి ఆరు దాటుతుంది. రోజుకు మూడు గంటల ప్రయాణమైతే 90 రోజుల సెమిస్టర్‌లో 270 గంటలు బస్సులోనే.

నేను వాడే కొలత ఇది. ఒక వైపు ప్రయాణం గంట లోపు అయితే ఇంటి నుంచే వెళ్లండి, రెండో ఆలోచన వద్దు. గంటన్నర దాటితే హాస్టల్ చూడండి. ఈ రెండింటి మధ్యలో ఉంటే మొదటి నెల ఇంటి నుంచి వెళ్లి చూసి, ఆ తర్వాత తేల్చుకోండి.

అమ్మాయిల విషయంలో లెక్క కొంత మారింది. తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి కింద 2025 ఆగస్టు నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు వంటి బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. అయితే ఆ రాష్ట్రంలో నివాసం ఉన్నట్టు గుర్తింపు కార్డు చూపాలి. గుంటూరు చిరునామా ఉన్న ఆధార్‌తో హైదరాబాద్ బస్సు ఎక్కితే టికెట్టు కొనవలసిందే. మెట్రో రైలుకు ఈ పథకం వర్తించదు.

ఇలా ఇంటి నుంచి వచ్చిపోయే డే స్కాలర్లు పోగొట్టుకునేది నాలుగు తర్వాతి కళాశాలను. క్లబ్బు సమావేశాలు, ఆటలు, సీనియర్ల ప్రాజెక్టులు అన్నీ అప్పుడే మొదలవుతాయి, బస్సు అప్పుడే కదులుతుంది. వారానికి ఒక్క రోజైనా కాలేజీ బస్సు వదిలి ఆర్టీసీ బస్సులో వస్తామని ఇంట్లో ముందే ఒప్పించుకోవడం మంచిది.

బంధువుల ఇల్లు వేరే కథ. పిన్ని ప్రేమగానే రమ్మంటుంది. మామయ్య "హాస్టల్ ఎందుకు, మేం లేమా?" అంటాడు. కాదంటే నొచ్చుకుంటారు. నాలుగు నెలలు గడిచాక వాళ్ల ఏడో తరగతి అబ్బాయికి లెక్కలు చెప్పడం మీ పని అవుతుంది. చుట్టాలు వస్తే మీ మంచం హాల్లోకి మారుతుంది. రాత్రి తొమ్మిదికి వస్తే మీ అమ్మకు ఫోను వెళ్తుంది. మిడ్ పరీక్షల వారంలో ఇంట్లో పుట్టినరోజు వేడుక ఉంటే పుస్తకం పట్టుకుని కూర్చోవడం పొగరు అనిపించుకుంటుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. అది వాళ్ల ఇల్లు.

తప్పనిసరి అయితే కాలపరిమితితో వెళ్లండి: "హాస్టల్ సీటు వచ్చేదాకా", "మొదటి సెమిస్టర్ వరకు". పెద్దవాళ్ల ద్వారానే ఆ మాట చెప్పించాలి. డబ్బు తీసుకోరు కాబట్టి ఊరి నుంచి బియ్యం బస్తా, పప్పులు పంపే మర్యాద తల్లిదండ్రులు మరవకూడదు. విడిగా ఒక బల్ల, ఒక లైటు దొరకని ఇంట్లో అయితే, ఎంత దగ్గర చుట్టమైనా, ఒప్పుకోకపోవడమే రెండు కుటుంబాలకూ మేలు.

ఎవరికి ఏది

రెసిడెన్షియల్ ఇంటర్ నుంచి నేరుగా వచ్చినవాళ్లు: కాలేజీ హాస్టల్. జైలు అనిపించినా సరే, మొదటి సెమిస్టర్ వరకు. రెండేళ్లు కట్టేసి ఉంచిన కాలును ఒకేసారి వదిలితే ఎటు పరుగెడుతుందో దానికే తెలియదు.

తెలుగు మాధ్యమంలో చదివి, ఇంగ్లిషులో పాఠం వినడానికి ఇబ్బంది పడేవాళ్లు: క్లాస్‌మేట్లు ఉండే చోటు ఏదైనా సరే. సాయంత్రం కూర్చుని, విన్న పాఠాన్ని తెలుగులో చెప్పుకునే మనిషి పక్కన ఉంటే మొదటి రెండు నెలల భయం సగం తగ్గుతుంది. ఒంటరి ప్రైవేటు హాస్టల్, దూరపు బంధువుల ఇల్లు వీళ్లకు పనికిరావు.

మాటకారితనం లేక ముడుచుకుని ఉండేవాళ్ల గురించి తల్లిదండ్రులు సింగిల్ రూమ్ అడుగుతుంటారు. నేను ఒప్పుకోను. టూ షేరింగ్ సరైన మధ్యేమార్గం. ఒక్కరితో మాట కలిపితే చాలు, అదే పెద్ద పరిచయాలకు దారి. మొదటి రెండు మూడు వారాలు ఇల్లు గుర్తొచ్చి ఏడవడం మామూలే. కానీ రెండు వారాలకు మించి నిద్ర, తిండి రెండూ తప్పితే బస మార్చినంత మాత్రాన సరిపోదు. మెంటర్‌తో మాట్లాడండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు.

ఉబ్బసం, మధుమేహం వంటివి ఉన్నవాళ్లు: ముందు ఇల్లు, అది కుదరకపోతే గది. మెస్ వేళలతో మందుల వేళలు కుదరవు.

ఖర్చు బిగింపుగా ఉన్నవాళ్లు: సంక్షేమ హాస్టల్, తర్వాత కాలేజీకి నడిచి వెళ్లగల ప్రైవేటు హాస్టల్. దూరంలో దొరికే చౌక మంచం బస్సు ఛార్జీలతో, బయటి టిఫిన్లతో సమానమైపోతుంది.

ఇక అన్నీ సమానంగా ఉండి తేల్చుకోలేకపోతే, కాలేజీ గేటుకు దగ్గరగా ఉన్నది తీసుకోండి. నాకు తెలిసి ఈ చిట్కా పెద్దగా తప్పలేదు.

మార్చాలనుకుంటే ఎప్పుడు

మార్చాలా వద్దా అని తేల్చుకోవడానికి మొదటి మిడ్ మార్కులు వచ్చిన వారం సరైన సమయం. అప్పటికి చేరి సుమారు రెండు నెలలు అవుతుంది. మొదటి నెలలో తోచిన కోపం, ఇష్టం రెండూ సర్దుకుంటాయి. హాజరు 80 కన్నా తగ్గిందా, మధ్యాహ్నం క్లాసులో నిద్ర ముంచుకొస్తోందా, వారంలో ఎన్ని రాత్రులు భోజనం మానేశారు అన్నవి కాగితం మీద రాసుకుని చూడండి. మూడింటిలో రెండు తేడాగా ఉంటే మార్చడమే మంచిది.

మార్పు మాత్రం సెమిస్టర్ పరీక్షలు అయ్యాకే పెట్టుకోండి. పరీక్షల ముందు సామాను సర్దుకోవడం అనవసరపు అలజడి. కొత్త చోటు ఉదయం ఏడున్నరకు వెళ్లి చూసుకున్నాకే పాత హాస్టల్‌లో నెల నోటీసు ఇవ్వండి, అదీ వాట్సాప్‌లో రాతగా. ఖాళీ చేసే రోజున మంచం, ఫ్యాను, అల్మారా ఫోటోలు తీసి పెట్టుకోండి. ఇంటర్ మెమో, టీసీ వంటి ఒరిజినల్ కాగితాలు ఏవైనా యజమాని దగ్గర ఉంటే, అసలు అలా ఇవ్వనేకూడదు కానీ, అడ్వాన్సు లెక్క మాట్లాడేముందే అవి మీ సంచిలోకి రావాలి.